తోడుగుడ్డ

మా యానాం కనకాలపేటలో ఎవరింట్లో పెరుగు సరిగ్గా తోడుకోకపోయినా నా దగ్గరికే గిన్నె పట్టుకుని వచ్చేవారు. గొప్పకి చెప్పుకోవడం కాదు. మా అమ్మ ఆరోగ్యమ్మ కాపరానికి వచ్చిన రోజున పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోడు అది. ఈ రోజు పెరుగులోంచి ఓ చెంచా తీసి రేపటి పాలల్లో వేయడం, అలా నలభై ఏళ్ళకి పైగా నడిచింది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, తోడు మాత్రం పోలేదు. చాకుతో కోస్తే ముక్కలుగా వచ్చేది మా పెరుగు. ఇప్పుడు ఎవరైనా తోడడిగితే లేదని మొహం మీదే చెప్పేస్తాను. జోసెఫిన్‌కి పొగరెక్కిందని చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ.

నేను మిషను కుట్టుకుని బతుకుతాను. జాకెట్లు, గౌన్లు, స్కూలు పిల్లల యూనిఫారాలు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే మీకెందుకని అడుగుతాను. అసలు సంగతి మా తమ్ముడు జేవియర్. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పద్దెనిమిది. వాడికి తలంటి, అన్నం కలిపి పెట్టి, ఆదివారం చర్చిలో పూజకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, అచ్చంగా నేనే పెంచాను. నాన్న ఫ్రెంచివాళ్ళ హయాంలో పోలీసు. ఆ కాగితాలు ఉన్నాయి కాబట్టి యానాంలో చాలామందికి దొరికినట్టే వాడికీ ఫ్రెంచి జాతీయత దొరికింది. డెబ్భై ఎనిమిదిలో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఫ్రాన్సు వెళ్ళిపోయాడు.

వెళ్ళే ముందురోజు వాడికి తోడుగుడ్డ చేసి ఇచ్చాను. తెలియనివాళ్ళకి చెబుతున్నాను. దూరప్రయాణం వెళ్ళేవాళ్ళు పెరుగు మోసుకెళ్ళలేరు కదా. అందుకని తెల్లటి మల్లుగుడ్డ ముక్కని పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, మడిచి ఇస్తాం. వెళ్ళిన చోట గోరువెచ్చటి పాలల్లో ఆ గుడ్డ వేస్తే తెల్లారేసరికి పెరుగు. ఎండిపోతే చచ్చిపోయినట్టు కాదే, తడి తగిలితే లేస్తుంది అనేది అమ్మ. పోగులు ఊడకుండా గుడ్డ చుట్టూ నీలందారంతో గొలుసుకుట్టు వేసి, చిన్న సీసాలో పెట్టి వాడి పెట్టెలో సర్దాను. వాడు నవ్వాడు.

"అక్కడ కూడా పాలుంటాయక్కా" అన్నాడు.

"పాలుంటాయిరా. తోడు ఎవరిస్తారు నీకు?" అన్నాను.

ఎనిమిదేళ్ళు రాలేదు. ఉత్తరాలు రాసేవాడు గానీ ఉద్యోగం ఏమిటో నాకు సరిగ్గా అర్థమయ్యేది కాదు. ఎనభై ఆరు ఆగస్టు మొదటివారంలో చెప్పాపెట్టకుండా గుమ్మంలో దిగాడు. బాగా చిక్కిపోయాడు. కళ్ళకింద నల్లటి చారలు. చొక్కా జేబులో రుమాలు చుట్టిన గాజుగొట్టం ఒకటి. స్నానానికి వెళ్ళినా దాన్ని వదలడు, పడుకుంటే తలగడ కింద పెట్టుకుంటాడు. నాకు మొదటినుంచీ అనుమానం జాస్తి. మత్తుమందేమోనని కాసేపు, ఏ దొరసాని ఇచ్చిన గుర్తో అని కాసేపు అనుకున్నాను. చివరికి ఉండబట్టలేక నిలదీశాను.

"ఏంట్రా అది?"

"నా తోడు అక్కా" అన్నాడు.

అంతే అన్నాడు. నవ్వలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు ఉద్యోగం సంగతి విప్పాడు. ఏదో లేబరేటరీ. వేరే గ్రహం మీద దించడానికి చేసే మిషన్లని శుభ్రం చేయడం వాడి పని. మిషనుకి స్నానం చేయించడానికి నిన్ను యానాం నుంచి పిలిపించారా, నేను రోజూ నా మిషనుకి చేస్తున్నదీ అదే కదా అని ఎగతాళి చేశాను.

"మన ఒంటి మీది పురుగు ఒక్కటి కూడా దాంతో పోకూడదక్కా. కంటికి కనపడనివి. అందుకే కాలుస్తాం, తుడుస్తాం, మళ్ళీ కాలుస్తాం. అయినా ఎక్కడో ఒకటి మిగిలే ఉంటుంది. గాలి లేకపోయినా, నీళ్ళు లేకపోయినా, ఎముకలు కొరికే చలైనా చావవు. ఎండిపోయి నిద్రపోతాయి."

"అక్కడ దిగి ఏం చేస్తుంది నీ మిషను?"

"అమెరికావాళ్ళవి రెండు ఇదివరకే దిగాయి, అంగారకుడి మీద. కాళ్ళు మోపి నిలబడతాయి. చెయ్యి చాపుతాయి. గీకి, చిటికెడు మట్టి తీసుకుంటాయి. ఆ మట్టికి తిండి పోస్తాయి. ఆగుతాయి. ఊపిరి వస్తుందేమోనని చూస్తాయి."

"వస్తే?"

"ఇక్కడ బతకొచ్చని కబురు పంపుతాయి. ముందు మిషను పోతుందక్కా. అంతా చూసుకున్నాక మనుషులు పోతారు."

మట్టికి అన్నం పెట్టే వెర్రివాళ్ళు కూడా ఉంటారా అని నేను నవ్వుకుంటూ లోపలికి పోయాను. వాడు జేబు మీద చెయ్యి వేసుకుని గోదారి వైపు చూస్తూ అలాగే కూర్చున్నాడు.

ఆ నెల నడిమధ్యన గోదారి ఊళ్ళోకి వచ్చింది. ఎనభై ఆరు వరద గురించి మా వైపు వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నాలుగు రోజులు స్కూలు మేడ మీద, వందమందితో, తడిబట్టలతో గడిపాం. దిగి వచ్చేసరికి ఇంట్లో మోకాటి లోతు బురద. నా కుట్టుమిషను చక్రం బిగుసుకుపోయింది, రెండు చేతులా పట్టి తిప్పినా కదల్లేదు. ఉట్టీ లేదు, ఉట్టి మీది పెరుగుకుండా లేదు. మిషను పోయినందుకు ఏడవలేదు గానీ కుండ పోయినందుకు బురదలోనే కూలబడి ఏడ్చాను. అమ్మ రెండోసారి పోయినట్టు అనిపించింది.

జేవియర్‌కి జ్వరం పట్టుకుంది. కాంపౌండరు ఇచ్చిన మాత్రలు మింగినవి మింగినట్టే కక్కేశాడు. గంజి పోస్తే పళ్ళు బిగబట్టేవాడు. మూడు రోజులు మెతుకు ముట్టలేదు. వరద తర్వాత మా చుట్టుపక్కల అలాంటి జ్వరాలతో ఇద్దరు పోయారు. వీడు కూడా నా చేతుల్లోంచి జారిపోతాడని నాకు గట్టిగా అనిపించింది. వీడు లేకపోతే నాకు ఇంకెవరున్నారు? మూడో రోజు సాయంత్రం కళ్ళు తెరిచి, చిన్నప్పటి గొంతుతో అడిగాడు.

"పెరుగన్నం పెట్టక్కా."

పాలు పోసే చిట్టెమ్మ మెట్టకూరు నుంచి రావాలి. దారంతా బురద కాబట్టి ఆమె వచ్చేసరికే పొద్దుగూకింది. పాలు కాచి, గిన్నె పట్టుకుని పక్కింటి నాగమణి దగ్గరికి పరిగెత్తాను. వాళ్ళు తాళ్ళరేవు వైపు నుంచి వచ్చి మా వీధిలో కిరాణాకొట్టు పెట్టుకున్నవాళ్ళు. మంచి మనిషి. కానీ అప్పటికే దేవుడి దగ్గర దీపం పెట్టేసింది.

"దీపాలు పెట్టేశాక తోడు ఎలా ఇస్తానండి?" అంది గుమ్మంలో నిలబడి. "పొద్దున్నే నేనే పట్టుకొచ్చి ఇస్తానండి. ఏమీ అనుకోకండి."

ఆమెను అనడానికి ఏముంది? మేం చర్చికి వెళ్ళేవాళ్ళమే అయినా అమ్మ కూడా దీపాలవేళ దాటితే ఉప్పూ తోడూ ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ పట్టింపు మా వీధిలో అందరిదీ. అయినా మనసులో నాలుగు తిట్టుకున్నాను. ఇంటికొచ్చి, గోరువెచ్చటి పాలు ఎదురుగా పెట్టుకుని, వాడి ఎగశ్వాస వింటూ కూర్చున్నాను. అప్పుడు తలగడ కింద రుమాలు అంచు కనిపించింది. నా తోడు అక్కా అన్నాడు కదా అని గుర్తొచ్చింది.

మెల్లగా లాగి లాంతరు దగ్గర విప్పాను. గాజుగొట్టం లోపల చిన్న గుడ్డ, చుట్టలా చుట్టి ఉంది. చుట్టూ నీలందారం. గొలుసుకుట్టు. నా కుట్టు నాకు తెలియదా?

నాకు దుఃఖం ఆగలేదు. మత్తుమందనీ దొరసాని అనీ ఏవేవో అనుకున్నాను, పాపిష్టిదాన్ని. ఎనిమిదేళ్ళపాటు అక్క ఇచ్చిన తోడుగుడ్డని గుండెకి హత్తుకుని తిరిగాడు పిచ్చి సన్నాసి. అమ్మ తోడు కూడా పోలేదు. బిరడా చుట్టూ లక్కలాంటిది గట్టిగా బిగించి ఉంటే చాకుతో గీరి తీశాను. లోపలినుంచి ఒక వాసన వచ్చింది. పుల్లటి వాసన కాదు. ఇస్త్రీపెట్టె బాగా కాలినప్పుడు వచ్చే ఇనుపవాసన. ఒక్క క్షణం చెయ్యి ఆగింది... ఆగిన చెయ్యి ఆగినట్టే ఉంచుకుంటే బాగుండేది. గుడ్డని పాలల్లో జారవిడిచి, మూతపెట్టి, పిల్లులు రాకుండా పైన సన్నికల్లు పొత్రం పెట్టాను.

పొద్దున లేచి చూస్తే పెరుగు తోడుకుంది. తోడుకోవడమా అది? గిన్నె బోర్లిస్తే జారలేదు. నీటితేట చుక్క లేదు. పుల్లవాసన లేదు. నున్నగా, తెల్లగా... నడిమధ్యన ఒక గుంట.

నాలుగు మూలల గుంట. అంచులు చాకుతో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. నా మెడలో ఎప్పుడూ టేపు ఉంటుంది, కొలిచాను. అంగుళం పొడవు, అరంగుళం వెడల్పు, అరంగుళం లోతు. తీసిన పెరుగు ఎక్కడా లేదు. పెరుగులో గుంట పడితే తేట ఊరాలి, ఇందులో ఊరలేదు. పొత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

పిల్లి అనుకున్నాను. పిల్లి పొత్రం తీసి మళ్ళీ పెడుతుందా? జేవియర్ అనుకున్నాను. వాడు పక్క మీంచి లేవలేడు. ఇంతలో పెరటిగుమ్మంలోంచి నాగమణి, ఇస్తానన్న తోడు గ్లాసులో పట్టుకుని వచ్చింది. నా అనుమానం చటుక్కున ఆమె మీదికి పోయింది. పెరటి గడియ ఊడి ఉంది కదా, తెల్లవారుజామున వచ్చి చూసిపోయిందా అని ఆమె చేతుల వంకే చూస్తున్నాను. ఆమె గిన్నె వంక చూస్తోంది.

"అబ్బ, ఎంత గట్టిగా తోడుకుందండి" అంది. "మీ పాత తోడు దొరికిందేంటండి? అయితే నాదెందుకండి, మీదే నాకో చెంచా పెట్టండి."

పెట్టాను. నా చేత్తోనే, నిండుగా చెంచాడు. ఇప్పటికీ ఆ చెయ్యి నరుక్కోవాలనిపిస్తుంది.

వాడికి అన్నం మెత్తగా పిసికి, పెరుగు కలిపి, ముద్దలు చేసి పెట్టాను. ఆవురావురుమంటూ తిన్నాడు. మూడుసార్లు కలిపాను. మూతి తుడిచేలోపే జ్వరం దిగిపోయింది. నుదురు చల్లగా ఉంది. మరియమాతకి దండం పెట్టుకున్నాను. వాడు వేలికి అంటుకున్నది నాకుతూ ఆగాడు.

"తోడు ఎక్కడిదక్కా?"

"నీదేరా. నేనిచ్చిందే. అంత జాగ్రత్తగా దాచుకున్నావని తెలియక..."

వాడు తలగడ కింద తడుముకున్నాడు. రెండు చేతులతో తడుముకున్నాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని, గోడలు వింటాయన్నంత చిన్నగా చెప్పాడు.

ఆ లేబరేటరీలో రేకు ముక్కల మీద పురుగులు పూసి, ఉపగ్రహానికి బయటివైపు కట్టి ఆకాశంలోకి పంపేవారట. ఏడాది తర్వాత తెప్పించి ఎన్ని బతికాయో చూసేవారట. ఓసారి ఎవరూ లేనప్పుడు వీడు ఒక ఖాళీ రేకుని నా తోడుగుడ్డ తడిపి దాంతో తుడిచాడట. పిచ్చి కోరిక అక్కా, అమ్మ తోడు చుక్కల్లో తిరగాలనిపించింది అన్నాడు. ఏడాదికి రేకులు తిరిగొచ్చాయి. మిగతా వాటి మీద సగానికి సగం చచ్చాయి. ఈ రేకు మీద ఒక్కటీ చావలేదు. పైగా దాని మీద చిన్న చిన్న గుంటలున్నాయి. పెద్దవాళ్ళు చూసి, లెక్కలో లేని రేకు ఇది ఎక్కడిదంటూ కొలిమిలో వేయమన్నారట.

"నాకు జాలేసిందక్కా. అంత దూరం ఒక్కతే పోయి, అంత చలిలో ఒక్కతే ఉండి, ఇంటికొస్తే కాల్చేస్తారా అనిపించింది. నాలాగే కదా అది. ఆ రేకుని మళ్ళీ ఇదే గుడ్డతో తుడిచి, గొట్టంలో పెట్టి లక్క వేశాను. రాత్రిళ్ళు గదిలో నేను ఒక్కణ్ణే ఉన్నట్టు ఉండేది కాదు."

"అయితే మన తోడేగా. భయమెందుకురా?"

"పోయింది మన తోడే. ఒక్కతే పోయింది." వాడి గొంతు ఇంకా తగ్గింది. "వచ్చేటప్పుడు... తోడు తెచ్చుకుంది."

మిగిలిన పెరుగూ గుడ్డా గొట్టమూ అన్నీ కాల్చెయ్యమని బతిమాలాడు. సరే అన్నాను. చెప్పొద్దూ, జ్వరం తలకెక్కిందనుకున్నాను. మూడు రోజుల తర్వాత వాడి నోట్లోకి నాలుగు మెతుకులు పంపింది ఆ పెరుగు, దాన్ని పొయ్యిలో పోస్తానా? వాడి కళ్ళుగప్పి సాయంత్రం మళ్ళీ పాలు తోడేశాను. అలా తోడేసి, గుంట తీసే దొంగ ఎవరో తేల్చుకోవాలని వంటింట్లోనే పీట వేసుకుని కూర్చున్నాను.

వరద తర్వాత కరెంటు ఇంకా రాలేదు. బయట వాన పట్టింది. అన్ని ఇళ్ళలో దీపాలు పెట్టే వేళ. లాంతరు వత్తి తగ్గించాను. బురద ఎండుతున్న వాసన, తడిసిన గోనెసంచుల వాసన, కిరసనాయిలు వాసన. వాటి కిందనుంచి సన్నగా ఇనుపవాసన. నాగమణి ఇంట్లో గంట మోగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

కిర్రు...

నా వెనకనుంచి. ముందుగదిలోంచి.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా తెలుసు. కుట్టుమిషను చక్రం తిరిగే చప్పుడు. తలుపు సందులోంచి చూశాను. తుప్పుపట్టి బిగిసిన చక్రం అర చుట్టు తిరిగింది. ఆగింది. దాని దగ్గర ఎవరూ లేరు.

గర్ర్... మని గీకిన చప్పుడు. ఈసారి గిన్నెలోంచి.

ఆగింది. ఎంతసేపో. ఎవరో ఆలోచించుకుంటున్నంతసేపు.

చక్రం మళ్ళీ అర చుట్టు. మళ్ళీ గీకుడు.

పొత్రం దింపి, మూత తీశాను. అప్పుడే తోడేసిన పాలు గంట కూడా కాకుండానే గడ్డకట్టి ఉన్నాయి. నేను చూస్తుండగానే మధ్యలో గుంట పడుతోంది. చెంచా లేదు. వేలు లేదు. పెరుగు తనంతట తానే కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది. ఒక అంచు తిన్నగా... రెండో అంచు... మూల తిరిగింది...

చెయ్యి చాపుతాయి అన్నాడు వాడు. గీకి, చిటికెడు తీసుకుంటాయి.

గుంట పూర్తయింది. చప్పుడు ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. ఆ బిగబట్టిన ఊపిరిలో మళ్ళీ వినిపించింది. గర్ర్... గిన్నెలోంచి కాదు. జేవియర్ మంచం దగ్గరనుంచి.

లాంతరు పట్టుకుని పరిగెత్తాను. వాడు వెల్లకిలా నిద్రపోతున్నాడు. ఎడమచెయ్యి మంచం మీంచి జారి ఉంది. మోచేతి కింద, మెత్తటి కండలో, గుంట. నాలుగు మూలల గుంట. నెత్తురు లేదు. లోపల ఎర్రగా ఏమీ లేదు. తెల్లగా... నున్నగా ఉంది. ముట్టుకోలేదు. ముట్టుకోకుండానే తెలిసింది, చల్లగా ఉంటుందని.

"ఒరేయ్... జేవియర్..."

కళ్ళు తెరవకుండానే పలికాడు. "నొప్పిగా లేదక్కా. చూస్తోందంతే."

"ఏం చూస్తోంది?"

"ఊపిరి వస్తుందేమోనని."

నేను ఇంకేమీ ఆలోచించలేదు. గిన్నె తీసుకెళ్ళి స్టవ్వు మీద పెట్టి, వెలిగించి, మంట పూర్తిగా పెంచాను. పెరుగు మరిగితే విరగాలి. విరగలేదు. అలాగే గడ్డలా ఉంది. గిన్నె అడుగు ఎర్రబడింది. అప్పుడు లోపలినుంచి జేవియర్ కేక వేశాడు. అలాంటి కేక నేను అంతకుముందు వినలేదు.

"మండుతోందక్కా... అక్కా, ఆపు... మండుతోంది..."

వెళ్ళి పట్టుకుంటే ఒళ్ళు పెనంలా కాలుతోంది. పెదవులు పొక్కుతున్నాయి. కాల్చెయ్యమని పొద్దున బతిమాలినవాడు ఇప్పుడు ఆపమని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. ఇంకో నిమిషం ఆ స్టవ్వు మండితే అది పోయేది. దాంతోపాటు వీడూ పోయేవాడు. వీధికీ ఊరికీ ఏది మంచిదో నాకు ఆ క్షణంలో తెలుసు. తెలిసే ఆపాను. గిన్నెని నీళ్ళ తొట్టిలో పెట్టాను. పెట్టగానే మంచం మీద వాడు హాయిగా ఊపిరి తీసుకున్నాడు.

తెల్లారగానే నాగమణి ఇంటికి వెళ్ళి, నిన్న ఇచ్చిన తోడు పాడైంది, పారబోసెయ్యండి అన్నాను.

"పాడవడమేంటండి, భలే తోడుకుంటేను" అందామె. "మా ఆడపడుచు కూడా పట్టుకెళ్ళిందండి. కొట్టు దగ్గరికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు అడిగితే ఇచ్చానండి."

ఎందుకు పారబొయ్యాలో చెప్పాలంటే అంతా చెప్పాలి. చెబితే వీధంతా కలిసి నా గిన్నె పొయ్యిలో వేస్తారు. నోరు మూసుకుని ఇంటికొచ్చాను.

మూడేళ్ళయింది. ఇప్పుడు ఎనభై తొమ్మిది. రోజూ దీపాలవేళ పాలు తోడేస్తాను. రోజూ పొద్దున గుంట ఉంటుంది. కొలుస్తాను, అదే కొలత. నేను ఆ పెరుగు వేలితో కూడా ముట్టను. మూడేళ్ళుగా నాది చారన్నమే. జేవియర్ మూడుపూటలా పెరుగన్నం తింటాడు. వాడి ఒంటి మీద రోజుకో చోట గుంట పడుతుంది, మర్నాటికి పూడిపోతుంది. ఫ్రాన్సు పోలేదు. పూజకి రాడు. కిటికీ దగ్గర కూర్చుంటాడు. వాడికి ముప్ఫై మూడు నిండాయి, మొహం చూస్తే వచ్చిననాటి మొహమే. ఓ రోజు తట్టుకోలేక అడిగేశాను.

"నిజం చెప్పరా. నువ్వు మా జేవియర్‌వేనా?"

వాడు మోచేతి మీది గుంట చూసుకున్నాడు. "చాలావరకు, అక్కా" అన్నాడు.

ఆ చాలావరకుతోనే సరిపెట్టుకున్నాను. నన్ను ఏమన్నా అనండి. ఖాళీ ఇంట్లో మీరు ఉండి చూడండి.

జాకెట్లు కుట్టేదాన్ని కాబట్టి చేతులన్నీ నా ముందుకే వస్తాయి. చేతిచుట్టు కొలత తీసేటప్పుడు చూస్తుంటాను. మొదటి ఏడాది నాగమణి మోచేతి కింద తెల్లటి చిన్న మచ్చ కనిపించింది, నాలుగు మూలలు. దోమ కుట్టిందిలెండి అంది. తర్వాత వాళ్ళ ఆడపడుచుకి. తర్వాత అగ్రహారం నుంచి వచ్చే పంతులమ్మకి. మొన్నటికి నలభై చేతులు దాటాయి. ఎవరికీ నొప్పి లేదు, ఎవరికీ జబ్బు లేదు. వరదప్పుడు పోయిన ఆ ఇద్దరి తర్వాత మా వీధిలో జ్వరంతో ఒక్కరూ పోలేదని చెప్పుకుంటారు. నేను టేపు చుట్టుకుని, కొలత రాసుకుని, ఊరుకుంటాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఈవేళ పొద్దున మూత తీస్తే గుంట లేదు.

మూడేళ్ళలో మొదటిసారి. పెరుగు అంచు నుంచి అంచు వరకూ నున్నగా ఉంది. టేపు చేత్తో పట్టుకుని వెర్రిదానిలా నిలబడిపోయాను. తర్వాత జేవియర్ గదిలోకి పరిగెత్తాను. మంచం ఖాళీగా ఉంది. వాడు అరుగు మీద ఉన్నాడు. తలస్నానం చేసి, గడ్డం గీసుకుని, ఫ్రాన్సు నుంచి వచ్చిననాటి తెల్లచొక్కా తొడుక్కుని, అరుగు కడుగుతున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. రెండు చేతుల మీదా ఒక్క గుంట లేదు.

"ఏంట్రా, ఈవేళ... చూడడం అయిపోయిందా?"

వాడు నవ్వాడు. పదకొండేళ్ళ కిందటి నవ్వు, పెట్టె సర్దేటప్పటిది.

"కబురు పోయిందక్కా. పాలు కాస్త ఎక్కువ పోయించుకో" అన్నాడు.

"ఎంత?"

"ఇంట్లో ఎన్ని గిన్నెలుంటే అంత."

గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చిట్టెమ్మ వచ్చింది. రెండు క్యాన్లూ ఖాళీగా ఊగుతున్నాయి. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి పాలు అయిపోవడం ఎన్నడూ లేదు.

"లేవండి పాలు" అంది చెమట తుడుచుకుంటూ. "ఈది మొదట్నించీ అందరూ మూడేసి శేర్లు, నాలుగేసి శేర్లు ఎక్కువ పోయించేసుకున్నారండి. నాగమణమ్మగారైతే ఏకంగా బిందె ఎట్టేశారు. అందరిళ్ళకీ ఒకేపాలి సుట్టాలొత్తన్నారా ఏటండి?"